షాడోహంటర్ నవలలను ఏ వరుసలో చదవాలి?

కసాండ్రా క్లేర్ రాసిన షాడోహంటర్ నవలలు చదవాలనుందని ఎవరైనా అంటే నాకు ఎక్కడలేని సంబరం. ఆ వెంటనే వాళ్లు అడిగే ప్రశ్నకు మాత్రం తాపీగా జవాబు చెప్పాలి. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? 2007లో వచ్చిన ‘సిటీ ఆఫ్ బోన్స్’తో అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ ఆ తర్వాత ఏది, మధ్యలో ఏది, ఏది ముందు చదివితే ఏ గుట్టు రట్టవుతుంది అన్న దగ్గర అభిమానుల మధ్య ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. అందులో నేను గట్టిగా ఒక పక్షాన ఉన్నాను. పెద్ద మలుపులేవీ బయటపెట్టకుండా ఆ పక్షం ఏమిటో, ఎందుకో చెబుతాను. ఇంకా ఒక్క పేజీ కూడా చదవనివారు నిశ్చింతగా ముందుకు సాగవచ్చు.

ముందు పుస్తకాల లెక్క. ప్రధాన నవలలు 15. మొదటి వరుస ‘ది మోర్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్’, ఆరు పుస్తకాలు, 2007 నుంచి 2014 దాకా వచ్చాయి. రెండోది ‘ది ఇన్ఫర్నల్ డివైసెస్’, మూడు పుస్తకాలు, 2010 నుంచి 2013 దాకా. మూడోది ‘ది డార్క్ ఆర్టిఫిసెస్’, మూడు పుస్తకాలు, 2016 నుంచి 2018 దాకా. నాలుగోది ‘ది లాస్ట్ అవర్స్’, మూడు పుస్తకాలు, 2020 నుంచి 2023 దాకా. వీటికి తోడు మాగ్నస్ బేన్ అనే మాంత్రికుడు, అతడి ప్రియుడు అలెక్ లైట్‌వుడ్ నాయకులుగా, వెస్లీ చూతో కలిసి రాసిన రెండు నవలలు ఉన్నాయి. కథా సంపుటాలు కూడా ఉన్నాయి.

ఇంతవరకూ తేలికే. చిక్కంతా కథాకాలంతో వస్తుంది. మొదటి వరుస 2007లో న్యూయార్క్‌లో నడుస్తుంది. రెండోది ఒక్కసారిగా వెనక్కి వెళ్లి 1878 నాటి లండన్‌లో వాలుతుంది. మూడోది 2012 నాటి లాస్ ఏంజెలెస్. నాలుగోది మళ్లీ లండనే, ఈసారి 1903. కథా సంపుటాలైతే ఏ కాలానికీ కట్టుబడవు. ఒకే సంపుటిలో ఒక కథ ఫ్రెంచి విప్లవ కాలంలో జరిగితే మరొకటి 1977 నాటి న్యూయార్క్‌లో జరుగుతుంది. పైగా మొదటి రెండు వరుసలూ ఒకదాని తర్వాత ఒకటి రాలేదు. 2010, 2014 మధ్య అవి ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ వెలువడ్డాయి.

అందుకే పాఠకులు రెండు జట్లుగా చీలిపోయారు. కథ జరిగిన కాలం ప్రకారం 1878 నుంచి మొదలుపెట్టమంటుంది ఒక జట్టు. పుస్తకాలు వెలువడిన వరుసలోనే చదవమంటుంది రెండోది. నేను రెండో జట్టు మనిషిని. ఈ నవలల్లో ప్రతి రహస్యమూ పాఠకుడికి అప్పటికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నదాని మీద కట్టినది. క్యాలెండరు ప్రకారం పుస్తకాలను సర్దితే ఆ కట్టడం కూలిపోతుంది.

కొత్తవారి కోసం ఆ లోకం గురించి నాలుగు మాటలు. రజియెల్ అనే దేవదూత తన రక్తాన్ని మనిషి రక్తంతో ఒక పాత్రలో కలిపి ఇవ్వగా, దాన్ని తాగినవారి సంతతే షాడోహంటర్లు. వీళ్లకే నెఫిలిమ్ అని ఇంకో పేరు. ఇతర లోకాల నుంచి వచ్చిపడే రాక్షసులను వేటాడటం వీళ్ల పని. ఒంటి మీద రూన్ అనే గుర్తులు గీసుకుని బలం, వేగం, గాయాలు మానే శక్తి పొందుతారు. వీళ్లతో పాటు మాంత్రికులు, రక్తపిశాచులు, తోడేలు మనుషులు, ఫేరీలు ఉంటారు. ఆ నాలుగు జాతులనూ కలిపి డౌన్‌వరల్డర్లు అంటారు. షాడోహంటర్ల ప్రభుత్వం పేరు క్లేవ్. వాళ్ల స్వదేశం ఇడ్రిస్, మన పటాల్లో కనిపించనిది. మామూలు మనుషులమైన మనకు ఇదంతా కంటికి ఆనదు. మాయ మన చూపును కప్పేస్తుంది.

ఈ ఏర్పాటును క్లేర్ ఎంత నేర్పుగా పరిచయం చేశారో చూడాలంటే ‘సిటీ ఆఫ్ బోన్స్’ మొదటి అధ్యాయం దగ్గర ఆగాలి. పదహారో పుట్టినరోజుకు దగ్గరలో ఉన్న క్లారీ ఫ్రే, స్నేహితుడు సైమన్‌తో కలిసి పాండెమోనియం అనే నృత్యశాలకు వెళుతుంది. అక్కడ నీలి జుట్టు కుర్రవాడొకడు తెల్ల దుస్తులు వేసుకున్న అమ్మాయి వెంట సామాన్ల గదిలోకి వెళ్లడం చూస్తుంది. వాళ్ల వెనకే ఇద్దరు యువకులు, ఒకడి చేతిలో కత్తి. వాళ్లను సైమన్‌కు చూపించబోతే అతడికి ఎవరూ కనిపించరు. సహాయం కోసం అతడిని పంపి తాను ఒంటరిగా ఆ గదిలోకి వెళుతుంది. కాసేపటికి సైమన్ కాపలా మనిషిని వెంటబెట్టుకుని వచ్చేసరికి, కత్తి పట్టుకున్న వాళ్లు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నారు. వచ్చిన ఇద్దరికీ మాత్రం ఖాళీ గదిలో ఒక్కతే నిలబడిన క్లారీ కనిపిస్తుంది. షాడోహంటర్ అన్న సంగతికి ఇంకా వివరణ అందలేదు, పాఠకుడికి అప్పుడే రెండు లోకాలూ తెలిసిపోయాయి. వాటి మధ్య క్లారీ నిలబడిన చోటు కూడా తెలిసింది. నాకు ఎందుకు కనిపిస్తోంది అన్న ఆమె ప్రశ్నే ఆ పుస్తకమంతటినీ నడిపిస్తుంది.

కాలక్రమం ప్రకారం 1878తో మొదలుపెడితే మొట్టమొదట నష్టపోయేది ఈ ప్రశ్నే. రెండో వరుసలోని మొదటి పుస్తకం ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’లో టెస్సా గ్రే కూడా ఈ లోకానికి కొత్తదే. అన్న దగ్గరికని న్యూయార్క్ నుంచి లండన్ వచ్చి చిక్కుల్లో పడి, షాడోహంటర్ల చెంతకు చేరుతుంది. కాబట్టి అక్కడ మొదలుపెట్టినా కథ అర్థం కాకపోవడమంటూ ఉండదు, ఆ మేరకు మొదటి జట్టు మాట నిజమే. కానీ ఆ మూడు పుస్తకాలూ ముగించి 2007లోకి వస్తే, క్లారీ మూడు వందల పేజీలు కష్టపడి తెలుసుకునే సంగతులన్నీ మీకు ముందే తెలుసు. ఆమె ఆశ్చర్యపోతుంటే మీరు ఎదురుచూస్తూ కూర్చోవాలి. తిరగేసి చదివితే అలా కాదు. షాడోహంటర్ల స్థావరమైన న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్‌లో తిరిగిన కళ్లతో లండన్ ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెడితే ప్రతి మూలా మీకు గుర్తుపట్టిన ఆనందం దొరుకుతుంది. 2007లో షాడోహంటర్లు క్షణంలో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి వాడే పోర్టల్ 1878లో ఇంకా పుట్టనే లేదు. అందరూ గుర్రపు బళ్లలోనే తిరుగుతుంటారు. ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్లెట్ భర్త హెన్రీ నేలమాళిగలో ఎప్పుడూ ఏవేవో యంత్రాలు బిగిస్తూ ఉంటాడు. అతడు ఎక్కడికి చేరబోతున్నాడో 2007 తెలిసిన పాఠకుడు మాత్రమే ముందుగా పసిగట్టగలడు. పిల్లి సంగతీ అంతే. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్‌లో తిరిగే చర్చ్ అనే పిల్లి, 1878 నాటి కథలోనూ ఎదురవుతుంది. నూట ముప్ఫై ఏళ్ల నాటి పిల్లి! ఆ పేరు కంటపడగానే కలిగే ఉలికిపాటు వెలువడిన వరుసలో చదివినవారి సొంతం.

ఇక అసలు అల్లికకు వస్తాను. మొదటి మూడు పుస్తకాలు, ‘సిటీ ఆఫ్ బోన్స్’, ‘సిటీ ఆఫ్ ఆషెస్’ (2008), ‘సిటీ ఆఫ్ గ్లాస్’ (2009), తమంతట తాముగా పూర్తయిన కథ. మోర్టల్ కప్, మోర్టల్ స్వోర్డ్, మోర్టల్ మిర్రర్ అనే మూడు పవిత్ర సాధనాల కోసం వాలెంటైన్ మోర్గెన్‌స్టెర్న్ పన్నే కుట్ర అక్కడితో కొలిక్కి వస్తుంది. నాకు అచ్చంగా మూడే చదివే ఓపిక ఉందని ఎవరైనా అంటే ఈ మూడే ఇస్తాను. ‘సిటీ ఆఫ్ గ్లాస్’ చివరి భాగంలో ఇడ్రిస్ రాజధాని అలికాంటే ముట్టడి, డౌన్‌వరల్డర్లతో పొత్తు కోసం పడే తపన, యువ పాఠకుల కోసం రాసిన ఫాంటసీలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి.

ఆ తర్వాత 2010లో ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’ వచ్చింది. 2011లో ‘సిటీ ఆఫ్ ఫాలెన్ ఏంజెల్స్’, అదే ఏడాది చివర ‘క్లాక్‌వర్క్ ప్రిన్స్’. 2012లో ‘సిటీ ఆఫ్ లాస్ట్ సోల్స్’, 2013లో ‘క్లాక్‌వర్క్ ప్రిన్సెస్’, 2014లో ‘సిటీ ఆఫ్ హెవెన్లీ ఫైర్’. ఒకటి న్యూయార్క్, ఒకటి లండన్, మళ్లీ న్యూయార్క్, మళ్లీ లండన్. ఇలా మార్చి మార్చి చదవాలంటే చాలామంది ముఖం చిట్లిస్తారు, కథలో లీనమయ్యే వేళకి లాగి ఇంకో శతాబ్దంలో పడేస్తోందని. ఆ ఇబ్బంది నిజమే. అయినా సరే ఇలాగే చదవమని పట్టుబడతాను. కారణం ‘సిటీ ఆఫ్ ఫాలెన్ ఏంజెల్స్’లోని ఒక చిన్న సంభాషణ.

కెమిల్ బెల్‌కోర్ట్ అనే పురాతన రక్తపిశాచి ఆ పుస్తకంలో న్యూయార్క్‌కు వస్తుంది. ఒకప్పుడు మాగ్నస్‌కు ప్రియురాలు ఆమె. ఆమె నోట విల్ అనే పేరు విన్న అలెక్ మనసు పాడవుతుంది. మాగ్నస్‌కు మరణం లేదు, తనకు ఉంది. తనకు ముందు ఎంతమంది, తన తర్వాత ఎంతమంది అన్న బెంగ అతడిని తొలిచేస్తోంది. విల్ ఎవరని మాగ్నస్‌ను నిలదీస్తాడు. మాగ్నస్ ఉలిక్కిపడి, అదంతా ఎప్పటి మాటో అంటాడు. నీలాంటి షాడోహంటరే, చూడటానికి నీలాగే ఉంటాడు, స్వభావంలో మాత్రం మొదటి వరుస నాయకుడు జేస్‌కు దగ్గర అని చెబుతాడు. సంభాషణ అంతే, కథ మరో దారిన పడుతుంది.

మోర్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆరూ ఏకబిగిన చదివేవారికి ఇక్కడ విల్ ఒట్టి పేరు. అలెక్ అసూయకు ఒక సాకు. కానీ సరిగ్గా ముందు పుస్తకంగా ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’ చదివినవారికి విల్ హెరాన్‌డేల్ ఇప్పుడే, మొన్ననే, కళ్ల ముందు నిలబడిన పదిహేడేళ్ల కుర్రవాడు. నల్లజుట్టు, నీలికళ్లు, ఎవరినీ దగ్గరకు రానీయని మాటల పదును, పుస్తకాల పిచ్చి, లోపల దాచుకున్న ఏదో భయం. అతడి కథ ఇంకా సగంలోనే ఉంది, ఏమవుతుందో మీకు తెలియదు. అలాంటివాడి గురించి మాగ్నస్ ఎప్పటి మాటో అనగానే మీకు ఒక్కసారిగా తడుతుంది, 2007 నాటికి విల్ లేడని, ఎప్పుడో వెళ్లిపోయాడని. కథ ప్రకారం అది సహజమే, 1878 నాటి మనిషి 2007 దాకా ఎలా ఉంటాడు? అయినా ఆ మాట గుండెల్లో గుచ్చుకుంటుంది. మరణం లేనివాడు తన మిత్రులను ఎలా గుర్తుపెట్టుకుంటాడో ఆ ఒక్క క్షణంలో అర్థమవుతుంది. అలెక్ బెంగ కూడా మీ బెంగ అవుతుంది. తర్వాత ‘క్లాక్‌వర్క్ ప్రిన్స్’ తెరిచినప్పుడు విల్ పలికే ప్రతి మాట కిందా ఆ సంగతి మెదులుతూనే ఉంటుంది.

కాలక్రమంలో చదివితే ఈ అనుభవం రాదు. అప్పటికి విల్ కథ పూర్తిగా ముగిసింది, అతడికి ఏమైందో మీకు తెలుసు, మాగ్నస్ మాటలో కొత్త సమాచారం ఏదీ లేదు. జ్ఞాపకం మిగిలింది, దెబ్బ మిగల్లేదు. ఒక రచయిత్రి రెండు వరుసలను ఒకేసారి రాస్తూ వాటి మధ్య ఇలాంటి తీగలు ఎన్ని లాగారో వెలువడిన క్రమమే చెబుతుంది.

ఇలాంటి మరో తీగ మూడు పుస్తకాల మీదుగా సాగుతుంది. షాడోహంటర్లలో మౌన సోదరులని ఒక సన్యాసి వర్గం ఉంది. భూగర్భంలోని నిశ్శబ్ద నగరంలో ఉంటూ, పెదవి కదపకుండా నేరుగా ఎదుటివారి మనసుతో మాట్లాడతారు. 2012 నాటి ‘సిటీ ఆఫ్ లాస్ట్ సోల్స్’లో బ్రదర్ జకారియా అనే మౌన సోదరుడు కనిపిస్తాడు. మిగతావారికంటే భిన్నంగా ఉన్నాడని క్లారీ గమనిస్తుంది. మీరూ గమనించి ముందుకు వెళ్లిపోతారు. 2013 నాటి ‘క్లాక్‌వర్క్ ప్రిన్సెస్’ అతడి గతాన్ని విప్పుతుంది. 2014 నాటి ‘సిటీ ఆఫ్ హెవెన్లీ ఫైర్’ అతడి వర్తమానాన్ని మార్చేస్తుంది. ఇంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పినా ద్రోహమే అవుతుంది. ముందు అనుమానం, తర్వాత గతం, ఆపై వర్తమానం అన్న ఈ మెట్ల వరుస చెదిరిపోతే మళ్లీ దొరకదని మాత్రం గుర్తుంచుకోండి. మొదటిసారి చదవడం ఒక్కసారే కదా.

వెలువడిన వరుసను సమర్థించే మా జట్టులోనూ ఒక్క చోట తగవు ఉంది. ‘క్లాక్‌వర్క్ ప్రిన్సెస్’ చివరి భాగం 1878ని వదిలి 2008లోకి దూకుతుంది. మొదటి వరుసలోని ఆరో పుస్తకంలో జరిగే ముఖ్య ఘట్టాల కంటే అది తర్వాతది. అంటే 2013లో అచ్చయిన పుస్తకం, 2014లో రావాల్సిన పుస్తకంలోని ఒక ఫలితాన్ని ముందే చూపించేసింది. అందుకే ఈ రెండింటినీ తారుమారు చేసి, ముందు ‘హెవెన్లీ ఫైర్’, తర్వాత ‘ప్రిన్సెస్’ చదవమని కొందరు సలహా ఇస్తారు. నా తీర్పు వేరు. ‘ప్రిన్సెస్’ ముందు. ఏమి జరిగిందో అది చూపిస్తుంది, ఎలా జరిగిందో చెప్పదు. ఆ ‘ఎలా’ కోసం ‘హెవెన్లీ ఫైర్’లో పడే ఆత్రుత ఎంతో తీయనిది. పైగా ‘ప్రిన్సెస్’ చివరి పేజీల బరువు ‘ఇది సాధ్యమా?’ అన్న విస్మయంలో ఉంది. జవాబు ముందే తెలిస్తే ఆ విస్మయానికి చోటెక్కడిది?

అదే పుస్తకం విషయంలో ఇంకో హెచ్చరిక. కొన్ని ముద్రణల్లో వంశవృక్షం ఉంటుంది. కథ పూర్తయ్యేదాకా ఆ పేజీ జోలికి వెళ్లకండి. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారో, పిల్లలెవరో అక్కడ పరిచి ఉంటుంది. తర్వాతి తరం గురించి అందులో ఉన్నదంతా వేదవాక్యమని కూడా అనుకోకండి.

‘ది డార్క్ ఆర్టిఫిసెస్’ చదవాలంటే ‘హెవెన్లీ ఫైర్’ తప్పనిసరి. ఎమ్మా కార్‌స్టేర్స్, జూలియన్ బ్లాక్‌థోర్న్ అందులోనే పన్నెండేళ్ల పిల్లలుగా పరిచయమవుతారు. ఎమ్మా తల్లిదండ్రులు హతమవుతారు, బ్లాక్‌థోర్న్ కుటుంబం ఛిన్నాభిన్నమవుతుంది. వాళ్ల మీద పడిన దెబ్బను కళ్లారా చూడకుండా నేరుగా ఈ వరుసలో మొదటిదైన ‘లేడీ మిడ్‌నైట్’ తెరిస్తే, పదిహేడేళ్ల జూలియన్ తోబుట్టువులందరినీ తండ్రిలా ఎందుకు సాకుతున్నాడో, అతడి ప్రేమలో అంత భయం ఎందుకుందో బుర్రకు అందుతుంది, మనసుకు అందదు. ఎమ్మా, జూలియన్ పరబటాయ్‌లు, అంటే యుద్ధంలో ఒకరికొకరు ప్రాణం అడ్డువేస్తామని ప్రమాణం చేసుకున్న జంట. పరబటాయ్‌ల మధ్య ప్రేమ నిషిద్ధం. నిషేధం ఎందుకో ఎవరూ చెప్పరు.

నాలుగు వరుసల్లో నాకు అన్నిటికంటే పైన నిలిచేది ఇదే. అంతకుముందు పుస్తకాల్లో శత్రువు బయటివాడు. ఇక్కడ చట్టమే శత్రువు. మొదటి వరుస చివర జరిగిన యుద్ధంలో కొందరు ఫేరీలు శత్రుపక్షాన నిలిచినందుకు, క్లేవ్ మొత్తం ఫేరీ జాతికే శిక్ష వేస్తుంది. దానికి ‘కోల్డ్ పీస్’ అని పేరు. ఫేరీ రక్తం సగం ఉన్న పాపానికి హెలెన్ బ్లాక్‌థోర్న్‌ను ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవికి పంపేస్తారు. ఆమె తమ్ముడు మార్క్‌ను వైల్డ్ హంట్ అనే ఫేరీల వేటదండు ఎత్తుకుపోతే, విడిపించే ప్రయత్నం కూడా చేయరు. చట్టం కఠినమే, అయినా అది చట్టమే అన్నది షాడోహంటర్ల సూక్తి. మొదటి వరుసలో అది వీరుల మాటలా వినిపించింది. లాస్ ఏంజెలెస్‌లో అదే మాట పిల్లల నోట విన్నప్పుడు ఒళ్లు మండుతుంది. రచయిత్రిగా క్లేర్ ఎంత ఎదిగారో ఈ ఒక్క సూక్తి చేసిన ప్రయాణంలోనే చూడవచ్చు. అది చూడాలన్నా వెలువడిన వరుసే దారి. టై బ్లాక్‌థోర్న్ అనే కుర్రవాడు ఆటిజం ఉన్నవాడు. షాడోహంటర్ల సమాజానికి దాన్ని అర్థం చేసుకునే ఓపిక గానీ భాష గానీ లేవు. అతడిని క్లేవ్ కంట పడకుండా అన్న జూలియన్ కాపాడుకునే తీరు గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

కథా సంపుటాల దగ్గర చాలామంది పొరబడతారు, చిల్లర కథలే కదా ఎప్పుడైనా చదవచ్చని. ‘ది బేన్ క్రానికల్స్’ మాగ్నస్ జీవితంలోని వేర్వేరు కాలాల కథలు. ఇందులోని ఒక కథ 1903లో జరుగుతుంది. అది చదివితే ఇన్ఫర్నల్ డివైసెస్ ముగింపు తెలిసిపోతుంది. కాబట్టి ఆ మూడూ అయ్యాకే దీన్ని ముట్టుకోవాలి. అప్పుడు చదివితే మరో లాభం కూడా ఉంది. ‘సిటీ ఆఫ్ బోన్స్’లో హోటల్ డ్యూమోర్ట్ అని పాడుబడిన భవనం ఉంటుంది, రక్తపిశాచుల స్థావరం. సైమన్ కోసం క్లారీ, జేస్ అందులోకి చొరబడతారు. ‘బేన్ క్రానికల్స్’లో అదే హోటల్ 1920ల నాటి తళుకులతో కనిపిస్తుంది, 1977లో పతనమవుతుంది కూడా. శిథిలాన్ని ముందు చూసి, దాని యవ్వనాన్ని తర్వాత చూడటం!

నగరమే పాత్రగా ఉండే ఈ తరహా ఫాంటసీకి ఇదే ప్రాణం. క్లేర్ నిజమైన చోట్లనే ఎంచుకుని వాటి వెనక ఇంకో పొర పెడతారు. నిశ్శబ్ద నగరానికి దారి న్యూయార్క్ మార్బుల్ సిమెటరీలో ఉంది. ఆ శ్మశానవాటిక మాన్‌హట్టన్‌లో నిజంగానే ఉంది. ‘సిటీ ఆఫ్ బోన్స్’ పతాక సన్నివేశాలు రూజ్‌వెల్ట్ దీవి దక్షిణపు కొసన ఉన్న పాత మశూచి ఆసుపత్రి శిథిలాల్లో జరుగుతాయి. 1856లో తెరిచిన ఆ కట్టడానికి రూపశిల్పి జేమ్స్ రెన్విక్ జూనియర్. లండన్ ఇన్‌స్టిట్యూట్‌ను 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయిన ఆల్ హాలోస్ ది లెస్ చర్చి శిథిలాల మీద కట్టినట్టు రాశారు. అలాంటి చర్చి చరిత్రలో ఉంది, ఆ మంటల్లోనే పోయింది. ఈ శిథిలాలు మన కంటికి శిథిలాలుగానే ఎందుకు కనిపిస్తాయో నవల చదివినవారికి తెలుసు.

‘టేల్స్ ఫ్రమ్ ది షాడోహంటర్ అకాడమీ’ ‘హెవెన్లీ ఫైర్’ తర్వాత సైమన్ కథ. ‘లేడీ మిడ్‌నైట్’ కంటే ముందు చదివితే మంచిది. ‘గోస్ట్స్ ఆఫ్ ది షాడో మార్కెట్’ స్థానం మరీ కీలకం. 2019లో అచ్చు పుస్తకంగా వచ్చిన ఈ సంపుటిలో చివరి కథ, డార్క్ ఆర్టిఫిసెస్‌లో ఆఖరిదైన ‘క్వీన్ ఆఫ్ ఎయిర్ అండ్ డార్క్‌నెస్’ తర్వాత జరుగుతుంది. కాబట్టి డార్క్ ఆర్టిఫిసెస్ మూడూ ముగించాకే చదవాలి. అయితే ‘ది లాస్ట్ అవర్స్’ మొదలుపెట్టే ముందే చదివేయాలి. ఆ సంపుటిలోని ‘కాస్ట్ లాంగ్ షాడోస్’ మాథ్యూ ఫెయిర్‌చైల్డ్ అనే కుర్రవాడి కథ. తెలిసీ తెలియక అతడు చేసిన పనికి ఎంత ఘోరమైన ఫలితం వచ్చిందో మనకు చూపిస్తుంది. లాస్ట్ అవర్స్ మొదటి పుస్తకం ‘చైన్ ఆఫ్ గోల్డ్’లో మాథ్యూ నవ్వుతూ, తాగుతూ, అందమైన కోట్లు వేసుకుని తిరుగుతాడు. అతడి ప్రాణమిత్రులకు కూడా ఆ నవ్వు వెనక ఏముందో తెలియదు. మీకు తెలుసు. ఆ ఒక్క కథ చదివి ఉండటం వల్ల నవల మొత్తంలో మీరు అతడికి ఏకైక సాక్షి అవుతారు.

‘ది లాస్ట్ అవర్స్’ను ఇన్ఫర్నల్ డివైసెస్ అవగానే చదవచ్చని వాదించేవారూ ఉన్నారు. రెండింటి మధ్య పాతికేళ్లే తేడా, అవే కుటుంబాలు. కథ పరంగా నడుస్తుంది కూడా. కానీ రాసిన చేతిలో పదేళ్ల తేడా ఉంది. అంత పరిణతి చెందిన పుస్తకాల నుంచి మళ్లీ ‘సిటీ ఆఫ్ ఫాలెన్ ఏంజెల్స్’కు వెనక్కి రావడం కష్టం. ఇన్ఫర్నల్ డివైసెస్ కంటే ముందు మాత్రం దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. పాత్రల ఇంటిపేర్లు చూస్తే చాలు, 1878 నాటి ప్రేమకథ ఎటు తేలిందో తెలిసిపోతుంది.

మాగ్నస్, అలెక్ నవలలు రెండూ హాయిగా చదివించేవి. ‘ది రెడ్ స్క్రోల్స్ ఆఫ్ మ్యాజిక్’ (2019) వాళ్లిద్దరి యూరప్ విహారం, కథాకాలం ‘సిటీ ఆఫ్ గ్లాస్’ తర్వాతది. ‘ది లాస్ట్ బుక్ ఆఫ్ ది వైట్’ (2020) 2010లో షాంఘైలో జరుగుతుంది. డార్క్ ఆర్టిఫిసెస్ అయ్యాక ఎక్కడ చదివినా నష్టం లేదు.

సినిమాతోనో సీరియల్‌తోనో మొదలుపెట్టవచ్చా అని కూడా అడుగుతారు. వద్దనే చెబుతాను. 2013 నాటి సినిమా ఒక్క భాగంతోనే ఆగిపోయింది. 2016 నుంచి 2019 దాకా మూడు సీజన్లు వచ్చిన ‘షాడోహంటర్స్’ సీరియల్‌లో మాగ్నస్‌గా హ్యారీ షమ్ జూనియర్ నటన నాకు ప్రాణం, కానీ ఆ కథ నవలల దారి వదిలి తన దారిన తాను వెళ్లింది. రహస్యాలు బయటపడే క్రమం కూడా వేరు. నవలల తర్వాత దాన్ని వేరే కథగా చూస్తే బాగుంటుంది.

ఈ వరుస మీద నిజమైన అభ్యంతరం ఒక్కటే, అది ‘సిటీ ఆఫ్ బోన్స్’ మీదే. అది క్లేర్ తొలి నవల. ఉపమానాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, జేస్ వ్యంగ్యం కొన్నిచోట్ల శ్రుతిమించుతుంది, వివరణలు చెప్పడానికే వచ్చినట్టున్న సంభాషణలు ఉంటాయి. ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’ దానికంటే మెరుగైన నవల అన్నది నిజం. మంచి పుస్తకంతో మొదలుపెడితే పాఠకుడు నిలబడతాడని మొదటి జట్టు చెప్పే మాటలో న్యాయముంది. అయినా ‘సిటీ ఆఫ్ బోన్స్’కు ఉన్న ఊపు, ఆ ఆత్రం తర్వాతి పుస్తకాల్లో దొరకదు. ఆ చివరి అధ్యాయాల్లో వాలెంటైన్ చెప్పే ఒక్క మాట మిమ్మల్ని రెండో పుస్తకం వైపు పరుగెత్తిస్తుంది. అప్పటికీ ఎక్కలేదనుకుంటే ‘సిటీ ఆఫ్ గ్లాస్’ దాకా ఓపిక పట్టండి. అక్కడ కూడా ఎక్కకపోతే ఈ లోకం మీది కాదు, నిరభ్యంతరంగా వదిలేయండి.

ముగింపుగా రావాల్సిన ‘ది వికెడ్ పవర్స్’ త్రయం డార్క్ ఆర్టిఫిసెస్ తర్వాతి కాలంలో, కిట్ అనే కుర్రవాడి చుట్టూ, బ్లాక్‌థోర్న్ తోబుట్టువులు టై, డ్రూల చుట్టూ సాగుతుందని క్లేర్ ప్రకటించారు. దాని పునాదులు ‘క్వీన్ ఆఫ్ ఎయిర్ అండ్ డార్క్‌నెస్’ చివరి పేజీల్లోనూ ‘గోస్ట్స్ ఆఫ్ ది షాడో మార్కెట్’ చివరి కథల్లోనూ పడి ఉన్నాయి. టై ఏమి చేశాడో, కిట్ ఎందుకు వెళ్లిపోయాడో మరిచిపోయినవారు ఆ రెండింటినీ మరోసారి తిరగేసి పెట్టుకోవడం మంచిది. ఇప్పుడే మొదలుపెడుతున్నవారు సంపుటాలను దాటేయకుండా చదువుకుంటూ వస్తే అక్కడికి చేరేసరికి వాళ్ల చేతిలో అన్ని తాళాలూ ఉంటాయి.